తెలుపు చూసి కప్పు ఇవ్వొద్దు, చెవి చూసి ఇవ్వండి

మా ఇంటి పేజీలో ఇన్నాళ్ళూ ఎక్కువగా వలస కథలు, పెళ్ళి ముచ్చట్లు, అవ్వల వంటలు, పాత ఫోటోలు పెడుతూ వచ్చాం. ఈసారి కుక్క సంగతి రాస్తున్నాం. చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ, ఆ మధ్య అమెరికా నుంచి కూడా, బంధువులు ఫోను చేసి అడిగేది ఒకటే: "రాజపాళయం పిల్ల ఒకటి కావాల. మంచి లైను ఎవరి దగ్గర ఉంది? షోలో కప్పు కొట్టిన కుక్క పిల్ల అయితే తీసుకోవచ్చా?"

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మా అభిప్రాయం ఇక్కడ రాసి పెడుతున్నాం. కప్పు చూసి పిల్లను తీసుకోవద్దు. తల్లిదండ్రుల చెవులు వినపడతాయా లేదా చూసి తీసుకోండి. షోలు జరిపేవాళ్ళకీ, జడ్జిలుగా కూర్చునేవాళ్ళకీ ఇదే మాట. ఎంత పాలలాంటి తెలుపైనా సరే, చెవి వినని కుక్కకు బహుమతి ఇవ్వడం మన జాతికి మనమే చేసే చెరుపు. ఇది కొంతమందికి కోపం తెప్పిస్తుందని తెలుసు. కోపగించుకునే ముందు చివరిదాకా చదవమని మనవి.

ఊరి పేరు మోసే కుక్క

మన ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ, కొత్తగా చదివే పిల్లల కోసం నాలుగు మాటలు. రాజపాళయం తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర ఉంది. విజయనగర కాలంలో తెలుగుదేశం నుంచి దక్షిణానికి దిగివచ్చిన రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయని మన పెద్దల మాట. మద్రాసు రాష్ట్రానికి 1949 నుంచి 1952 దాకా ముఖ్యమంత్రిగా చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజాగారు ఈ ఊరివారే. పత్తి మిల్లులు, మామిడి తోపులు, ఆ తరవాత తెల్ల కుక్క, ఈ మూడింటితోనే బయటి లోకానికి మనం తెలుసు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కుక్కను పిలిచేది మాత్రం చాలా ఇళ్ళలో ఇప్పటికీ తెలుగులోనే.

2005 జనవరి 9న తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్క జాతుల మీద బిళ్ళలు వేసింది. హిమాలయన్ షీప్‌డాగ్, రాంపూర్ హౌండ్, ముధోల్ హౌండ్‌లతో పాటు మన రాజపాళయం. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో దేశవాళీ కుక్కల్ని పెంచండని చెప్పినప్పుడు మన కుక్క పేరు కూడా వచ్చింది. దేశంలోని పశుజాతుల్ని నమోదు చేసే కర్నాల్ సంస్థ పట్టికలోనూ రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ మూడూ ఉన్నాయి. ఇవన్నీ సంతోషమే. కానీ పేరు పెరిగితే గిరాకీ పెరుగుతుంది, గిరాకీ పెరిగితే తొందర పెరుగుతుంది. తొందరలో మొదట పోయేది లెక్క. ఏ ఆడకుక్కను ఏ మగకుక్కతో కట్టించారు, ఎన్ని పిల్లలు పుట్టాయి, అందులో ఎన్నిటికి వినపడలేదు అన్న లెక్క.

ఒకప్పటి పని, ఇప్పటి పని

పని కుక్క అన్నాక మొదట పని ఏమిటో తేల్చుకోవాల. మన కుక్కది ఒకప్పుడు వేట, ముఖ్యంగా అడవిపంది వేట. పొడుగు కాళ్ళు, లోతైన రొమ్ము, లోపలికి పోయిన కడుపు, వంపు తిరిగిన తోక, బిగువైన పంజా, ఇవన్నీ ఆ పరుగు కోసం వచ్చినవే. అందం కోసం ఎవరూ చెక్కినవి కావు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట ముగిసింది. ముగియడమే మంచిది, దాని మీద మాకు రెండో మాట లేదు.

కానీ పని పూర్తిగా పోలేదు, మారిందంతే. కొండవారన ఉన్న తోపుల్లో, తోటల్లో, కొత్తగా కట్టిన ఫారం ఇళ్ళలో రాత్రి కాపలా ఇప్పుడు దాని పని. చీకట్లో అడుగు చప్పుడు విని లేవాల. ఎటువైపో తల తిప్పి చెప్పాల. మొరిగి తరమాల, గట్టు దాటి అడవిలోకి పోకుండా యజమాని కేక వినగానే వెనక్కి రావాల. ఇంటి పిల్లల్ని, పాలవాడిని, పనివాళ్ళని గుర్తుపెట్టుకోవాల. పొద్దున పదిగంటల ఎండలో కూడా తోపు చుట్టూ తిరగగలగాల.

ఈ జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. ఇందులో సగం పనులు చెవితోనే నడుస్తాయి. ముక్కు ఎరుపుగా ఉందా, కన్ను బంగారు రంగులో ఉందా అన్నది ఈ పనుల్లో ఒక్కదానికీ అక్కరకు రాదు.

తెలుపు ధర

రాజపాళయం కుక్క అంటే తెలుపే అనుకుంటారు. నిజానికి మచ్చలవి, గోధుమరంగువి, నల్లవి కూడా ఈ జాతిలో పుడతాయి. కొనేవాళ్ళు తెలుపే అడుగుతారని, రంగు పిల్లల్ని పుట్టగానే తీసేసే అలవాటు ఊళ్ళో ఒకప్పుడు ఉండేది. ఒక తరం కాదు, తరాల తరబడి. అట్లా ఏరి ఏరి మిగిల్చింది ఈ పాలతెలుపు, ఈ గులాబి ముక్కు.

దీని వెనక శాస్త్రం చిన్నదే, చెప్పుకుంటే అందరికీ అర్థమవుతుంది. చర్మానికీ వెంట్రుకలకూ రంగు ఇచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉంటాయి. అక్కడ వాటి పని రంగు కాదు. శబ్దాన్ని పట్టే సన్నని నరాల కణాలు బతకడానికి కావలసిన ద్రవాన్ని సరిగ్గా ఉంచడం వాటి పని. ఒళ్ళంతా తెలుపు తెచ్చే జన్యువులు కొన్నిటి వల్ల ఆ రంగు కణాలు చెవిదాకా చేరవు. అప్పుడు పిల్ల పుట్టిన మూడు నాలుగు వారాల్లో లోపలి చెవి ఎండిపోతుంది. అది మళ్ళీ రాదు, మందు లేదు. ఒక చెవికే రావచ్చు, రెండిటికీ రావచ్చు.

ఇది మన కుక్క ఒక్కదానికే వచ్చిన శాపం కాదు. మచ్చల డాల్మేషియన్‌లో అమెరికాలో పరీక్షించిన వాటిలో సుమారు 30 శాతానికి ఒక చెవికో రెండు చెవులకో చెవుడు కనబడింది. ఆ జాతిలో నీలికళ్ళ పిల్లల్లో అది మరీ ఎక్కువ. రాజపాళయంలో చెవుడు ఉందన్న సంగతి ఊరంతా ఎరిగినదే. ఎవరి ఇంట్లో ఎంత అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. చెబితే పిల్లలు అమ్ముడుపోవు గదా.

మా అసలు గోడు ఒంటి చెవి కుక్కల గురించి. రెండు చెవులూ పోయిన పిల్ల ఎట్లాగూ దొరికిపోతుంది, పిలిస్తే రాదు. ఒక చెవి పనిచేసే కుక్క మామూలుగానే తిరుగుతుంది, తింటుంది, మొరుగుతుంది. షోలో చక్కగా నిలబడుతుంది, కప్పు కూడా కొడుతుంది. కప్పు కొట్టింది కాబట్టి ఊళ్ళో ఆడకుక్కలన్నిటినీ దాని దగ్గరికే తీసుకొస్తారు. ఒంటి చెవి తల్లిదండ్రులకు చెవిటి పిల్లలు పుట్టే అవకాశం, రెండు చెవులూ వినే తల్లిదండ్రుల కన్నా ఎక్కువ. జడ్జి మెడలో వేసిన పతకం ఆ చెవుడును నాలుగు వీధులకు పంచిపెడుతుంది. ఇది జడ్జి తప్పని మేం అనడం లేదు. చూడమని నిబంధనలో లేనిదాన్ని ఆయన ఎందుకు చూస్తాడు? అందుకే నిబంధన మారాలంటున్నాం.

ఇంగ్లండు టెర్రియర్లు నేర్పిన పాఠం

ఇక్కడ ఇంగ్లండు కుక్కల ప్రస్తావన ఎందుకంటే, మనం ఇప్పుడు నిలబడ్డ చోట వాళ్ళు నూట యాభై ఏళ్ళ కిందటే నిలబడ్డారు. వాళ్ళు చేసిందీ చెడిందీ రెండూ మనకు పనికొస్తాయి.

జాన్ రస్సెల్ అని ఒక పాదిరీ ఉండేవాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకునే రోజుల్లో, 1819లో, ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడ టెర్రియర్‌ను కొన్నాడు. ఆయన పేరు మోసే టెర్రియర్ల వంశం దానితోనే మొదలు. నక్క బొరియలో దాక్కుంటే లోపలికి దూరి మొరిగి బయటికి తరమడం ఆ కుక్క పని. ఆయనకూ తెలుపే ఇష్టం, కానీ దానికొక కారణం ఉంది. వేటకుక్కలు నక్క అనుకుని టెర్రియర్ మీద పడకుండా ఉండాలని. 1873లో కెన్నెల్ క్లబ్ పెట్టినప్పుడు తొలి సభ్యుల్లో ఆయన ఉన్నాడు, ఫాక్స్ టెర్రియర్లకు జడ్జిగానూ కూర్చున్నాడు. తన సొంత కుక్కల్ని మాత్రం షోలకు తిప్పలేదు.

తరవాత ఏమైంది? షోల్లో ఫాక్స్ టెర్రియర్‌కు తల పొడుగు పెరిగింది, రొమ్ము లోతు పెరిగింది, చూడడానికి మహా సొగసైంది. ఆ రొమ్ముతో బొరియలో దూరడం కష్టమైంది. అందుకని పని కుక్కలు కావలసినవాళ్ళు వేరు కుంపటి పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 1974లో, అమెరికాలో 1976లో జాక్ రస్సెల్ క్లబ్బులు పెట్టుకుని, తమ కుక్కల్ని షో సంఘాల పుస్తకంలో ఎక్కించడానికి ఒప్పుకోలేదు. 1990లో కెన్నెల్ క్లబ్ ఒక శాఖను పార్సన్ పేరుతో గుర్తించినా వాళ్ళు తమ దారి వదల్లేదు.

వాళ్ళ తీర్పులో మాకు నచ్చినవి మూడు ఉన్నాయి.

ఒకటి, జడ్జి మోకాలి మీద కూర్చుని కుక్క ముందుకాళ్ళ వెనక రెండు చేతులతో రొమ్మును చుట్టి పట్టుకుంటాడు. రెండు చేతుల వేళ్ళూ కింద కలుసుకోవాలి, బొటనవేళ్ళు వీపు మీద కలుసుకోవాలి. సుమారు 14 అంగుళాల చుట్టుకొలత. కలవకపోతే ఎంత అందమైనా ఆ కుక్క బొరియలో పట్టదు. అంటే పనికి కావలసిన ఒక్క కొలతను తన చేతులతో స్వయంగా చూస్తాడన్నమాట. మన కుక్కకు అట్లాంటి కొలత ఏది అంటే, మా జవాబు చెవి.

రెండు, అమెరికా క్లబ్బు పుట్టిన ఈతను మొత్తంగా నమోదు చేయదు. పిల్లకు ఏడాది నిండాక, పశువైద్యుడు చూసి సర్టిఫికెట్టు ఇచ్చాక, ఒక్కొక్క కుక్కనే నమోదు చేస్తుంది. తండ్రి గొప్పవాడని కొడుక్కి ఊరికే పేపర్లు రావు.

మూడు, దగ్గర రక్తానికి హద్దు. లెక్క కట్టి, 16 శాతం దాటితే ఆ కుక్కను పుస్తకంలోకి రానివ్వరు.

ఇంకో టెర్రియర్ కథ మనకు మరీ దగ్గర. 1860ల ప్రాంతంలో బర్మింగ్‌హామ్‌లో జేమ్స్ హింక్స్ అనే ఆయన తెల్ల బుల్ టెర్రియర్‌ను తీర్చిదిద్దాడు. అచ్చం మన కుక్కలాగే పాలతెలుపు, అచ్చం మన కుక్కలాగే ఊరంతా మోజు. వెంట చెవుడు కూడా వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో కొందరు రంగున్న స్టాఫర్డ్‌షైర్ కుక్కల రక్తం కలిపి రంగు బుల్ టెర్రియర్లను తయారుచేశారు. జాతి పాడైపోయిందని అప్పుడు గొడవ చేసినవాళ్ళు చాలామంది. చివరికి అమెరికాలో 1936లో రంగువాటిని కూడా ఆ జాతిలో ఒక రకంగా ఒప్పుకున్నారు. తరవాత చేసిన పరీక్షల్లో తెల్ల బుల్ టెర్రియర్లలో సుమారు 20 శాతానికి చెవుడు కనబడితే, రంగువాటిలో అది ఒక శాతానికి కాస్త పైన. ఒకే జాతి, ఒకే మూతి, ఒకే నడక. తేడా అంతా రంగులోనే.

చట్టం మాట కూడా ఒకటి చెప్పాల. అక్కడా 2004 చట్టంతో కుక్కల్ని పెట్టి నక్కల్ని వేటాడే పాత పద్ధతికి అడ్డం పడింది. అయినా పని కుక్కల మనుషులు "ఇక పని లేదు గదా, అందం చూసుకుందాం" అని ఊరుకోలేదు. మనం 1972 తరవాత దాదాపు ఆ మాటే అనుకున్నాం.

మేనరికానికి లెక్కుంది, కుక్కలకే లేదు

మన ఇళ్ళలో సంబంధం చూసేటప్పుడు గోత్రం అడుగుతాం, ఇంటిపేరు అడుగుతాం, మూడు తరాలు తవ్వుతాం. మేనరికం చేసుకున్నా వరస చూసే చేసుకుంటాం. కుక్కల దగ్గరికి వచ్చేసరికి ఈ తెలివి ఎక్కడికి పోతుందో తెలియదు.

లెక్క చూడండి. అన్నాచెల్లెళ్ళను గానీ తండ్రీకూతుళ్ళను గానీ జత కట్టిస్తే పుట్టే పిల్లకు రక్తపు దగ్గరతనం 25 శాతం. తండ్రి ఒకడే అయి తల్లులు వేరైన పిల్లలను కట్టిస్తే 12.5. తాతకూ మనవరాలికీ కట్టించినా 12.5. మేనత్త మేనమామ బిడ్డల వరసైతే 6.25. ఇది పై తరాలన్నీ వేరువేరు రక్తం అయినప్పటి లెక్క. మన ఊరి కుక్కల్లో పై తరాలు అంత వేరుగా ఉండవు, కాబట్టి అసలు సంఖ్య దీనికన్నా ఎక్కువే ఉంటుంది.

కప్పు ఇక్కడ ఇంకో చెరుపు చేస్తుంది. ఒక మగకుక్క గెలవగానే అందరూ దానితోనే కట్టిస్తారు. రెండేళ్ళు తిరిగేసరికి ఊళ్ళో ఈడొచ్చిన కుక్కలన్నీ ఒకే తండ్రి బిడ్డలు. తరవాతి జతకు వేరే రక్తం కావాలంటే ఎక్కడ దొరుకుతుంది? "మా లైను స్వచ్ఛం, బయటి రక్తం కలవలేదు" అని కొందరు గర్వంగా చెప్పుకుంటారు. బావిలో కొత్త నీరు ఊరకపోతే ఆ నీటిని స్వచ్ఛం అనరు, పాచి పట్టింది అంటారు.

పిల్లను కొనేముందు ఇంట్లో చేయగల పరీక్ష

చెవుడును ఖాయంగా తేల్చేది బేర్ అనే పరీక్ష. తల మీద సన్నని తీగలు పెట్టి, ఒక్కొక్క చెవిలో టిక్కుమని శబ్దం వేసి, మెదడు దానికి స్పందిస్తోందా అని యంత్రంలో చూస్తారు. పిల్లకు అయిదు వారాలు నిండితే చేయవచ్చు. ఒంటి చెవి చెవుడును పట్టేది ఇదొక్కటే. ప్రతి ఊళ్ళో దొరికేది కాదు, నిజమే. పెద్ద పశువైద్య కళాశాలల్లో వాకబు చేయాల. నలుగురు పెంపకందారులు కలిసి ఒకే రోజు తీసుకెళితే బండి ఖర్చయినా తగ్గుతుంది.

అది కుదరని చోట రెండు చెవుల చెవుడునైనా ఇంట్లో పట్టవచ్చు. దానికీ పద్ధతి ఉంది.

పిల్లను తోబుట్టువుల నుంచి వేరు చేసి చూడండి. గుంపులో ఉంటే పక్కది లేస్తే ఇదీ లేస్తుంది, వినపడినట్టే ఉంటుంది. నేల మీద కాలు తట్టొద్దు, అదురు పాదాలకు తెలుస్తుంది. దగ్గర నిలబడి చప్పట్లు కొట్టొద్దు, గాలి మీసాలకు తగులుతుంది. పిల్ల నిద్రలో ఉన్నప్పుడు, వెనక నుంచి, కనబడకుండా, పక్కగదిలో నుంచి స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టండి. మూడు వేరువేరు వేళల్లో, మూడు వేరువేరు శబ్దాలతో. చెవి కదిలిందా, కన్ను తెరిచిందా, ఎటువైపు తిరిగింది, అన్నీ రాసుకోండి. ఎప్పుడూ ఒకే వైపుకు తిరిగే పిల్ల ఉంటే ఒంటి చెవి అనుమానం పెట్టుకుని పరీక్షకు తీసుకెళ్ళండి.

2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అయిదో వారంలో పరీక్ష, ఎనిమిదో వారంలో అమ్మకం. మధ్యలో మూడు వారాలు ఉన్నాయి. కాబట్టి "టైము దొరకలేదు" అని అమ్మేవాళ్ళు చెబితే నమ్మొద్దు.

చెవిటి పిల్ల పుడితే ఏం చేయాల అని అడుగుతారు. చంపొద్దు. చేతి సైగలతో నేర్పితే ఇంటి కుక్కగా బతుకుతుంది. కొనేవాళ్ళకు, పెంచుకునేవాళ్ళకు ముందే చెప్పాల, ఎందుకంటే నిద్రలో హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు, చిన్నపిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాల. తోపు కాపలాకు పెట్టొద్దు. అంతే.

రింగులో ఏం చూడాల

మేం కోరేది షోలు ఎత్తేయమని కాదు. నలుగురూ ఒకచోట చేరడానికి, కుక్కల్ని పక్కపక్కన నిలబెట్టి పోల్చుకోవడానికి షో కావాల్సిందే. చూసే వరస మారాల. మా లెక్క ఇది.

మొదట చెవి. రెండు చెవులకూ వినికిడి సర్టిఫికెట్టు లేని కుక్క పెద్దవాటి పోటీలో దిగకూడదు. దీనికి మార్కులు లేవు. ఇది గుమ్మం, దాటితేనే లోపలికి.

తరవాత వందకు మార్కులు వేస్తే ముప్పై నడకకు, పాదానికి. రెండు అడుగులు అటూ ఇటూ తిప్పడం కాదు, ఎండలో కనీసం అరగంట దుడుకు నడక. ఆ తరవాత పాదం ఎత్తి మెత్తలు చూడాల, ఊపిరి ఎంతసేపట్లో సర్దుకుందో చూడాల.

ఇరవై అయిదు బుద్ధికి. కొత్తవాడు దగ్గరికి వస్తే హెచ్చరించాల, యజమాని వద్దంటే ఆగాల. దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే రావాల. ఒంటి మనిషికే అలవాటైన కుక్క మన జాతిలో ఎక్కువ, అది తప్పు కాదు. కానీ భయపడి కరిచేది వేరు, కాపలా కోసం నిలబడేది వేరు. జడ్జికి ఆ తేడా తెలియాల.

ఇరవై చర్మానికి, పళ్ళకు, ఒంటి కట్టుకు. పొట్టి తెల్ల వెంట్రుకల కింద చర్మం గులాబిగా ఉంటుంది, ఎండకూ గజ్జికీ తొందరగా లొంగుతుంది. ప్రాంగణానికి వచ్చేముందు పౌడరు పూసి దాచేవాళ్ళున్నారు, తడిగుడ్డతో తుడిచి చూడాల.

పదిహేను వంశపు కాగితానికి. అందులో తోబుట్టువుల సంగతి, చెవిటి పిల్లల సంఖ్య, దగ్గర రక్తపు లెక్క రాసి ఉంటే పూర్తి మార్కులు. "ఒక్కటి కూడా చెవిటిది పుట్టలేదు" అని రాసినవాడి కన్నా "ఏడింటిలో ఒకటి" అని నిజం రాసినవాడికి ఎక్కువ.

మిగిలిన పది మార్కులు రూపానికి. తల ఆకారం, తోక, కన్ను, ముక్కు, రంగు అన్నీ ఈ పదిలోనే.

"తెలుపు పోతే అది రాజపాళయమేనా?"

ఈ మాట అనేవాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. వాళ్ళకు ఊరి మీద ప్రేమ. రాత్రి తోపులో తెల్ల కుక్క కనబడుతుంది, తెలుపుకు ఆ ఉపయోగం ఉందని పెద్దలు చెప్పేదీ విన్నాం. మేం తెలుపును తీసేయమనడం లేదు. రెండు చెవులూ వినే తెల్ల కుక్కను రెండు చెవులూ వినే తెల్ల కుక్కతోనే కట్టించుకోండి. చెవుడు పూర్తిగా పోకపోయినా తగ్గుతుంది. కానీ ఈతలో ఒక మచ్చల పిల్ల పుడితే దాన్ని దాచొద్దు, తీసేయొద్దు, "క్రాస్ పడింది" అని తల్లి మీద నింద వేయొద్దు. అది మన జాతి రక్తమే, తాతల నాటిది. పుస్తకంలో రాయండి, పెద్దది కానివ్వండి, మంచి పని కుక్క అయితే జతకు వాడండి. బుల్ టెర్రియర్‌వాళ్ళు బయటి నుంచి తెచ్చుకున్న రంగు మన ఇంట్లోనే పుడుతోంది. దాన్ని గుమ్మం బయట పడేయడం తెలివైన పని కాదు.

ఇంకో మాట కూడా వింటాం, "వినపడకపోతే ఏం, ముక్కు ఉంది గదా" అని. గాలి ఎదురుగా వీస్తేనే ముక్కు. గోడ దూకే మనిషి గాలివాటు చూసి దూకడు.

కొందరు డబ్బు సంగతి ఎత్తుతారు. పరీక్షలు, పుస్తకాలు పెట్టుకుంటే పిల్ల ధర పెరిగిపోతుందని. పెరగనీ. సర్టిఫికెట్టు చూపించి నాలుగు రూపాయలు ఎక్కువ అడిగేవాడి దగ్గర కొనండి. చవకగా వచ్చిన చెవిటి పిల్లను మూడోనెల వీధిలో వదిలేస్తున్నవాళ్ళు నగరాల్లో ఉన్నారు. ఆ ఖర్చు ఎవరి పద్దులో రాయాల?

ఒక పుస్తకం పెడదాం

మన కోటల్లో, సావడుల్లో పెళ్ళి లెక్కలు, గుడి లెక్కలు తరాల తరబడి రాసుకుంటూ వచ్చిన చేతులు ఇవి. కుక్కలకు ఒక పుస్తకం రాయడం మనకు కష్టం కాదు. ఒక్కొక్క ఈతకు ఒక పేజీ చాలు. తల్లి, తండ్రి, నాలుగు తాతముత్తాతల పేర్లు, పుట్టిన తేదీ, ఎన్ని మగ, ఎన్ని ఆడ, ఏ పిల్లది ఏ రంగు, కన్ను రంగు, ఏ పిల్లకు ఏ చెవి వినపడింది, ఎవరింటికి పోయింది, రెండేళ్ళకు ఏం పని చేస్తోంది. చివరి గడే ముఖ్యం. పిల్లను అమ్మేశాక ఫోను ఎత్తని పెంపకందారుకు మంచి లైను ఏదో ఎప్పటికీ తెలియదు.

పుస్తకం తమిళంలో రాస్తారో తెలుగులో రాస్తారో మీ ఇష్టం, మన పిల్లలకు చదవడానికి ఏది వీలైతే అది. తప్పుల్ని మాత్రం దాచకుండా రాయండి. గెలిచిన కప్పుల్ని అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు, వచ్చేతరం కుక్కకు వాటితో పని లేదు. మనం రాసి పెట్టిన తప్పులే దానికి దారి చూపిస్తాయి.

ఈ తడవ పిల్ల కోసం మాకు ఫోను చేసే బంధువులకు ఒకటే మనవి. "కప్పు ఎన్ని కొట్టింది" అని అడగొద్దు. "ఈ ఈతలో ఎన్నిటికి వినపడలేదు" అని అడగండి. అడిగినందుకు విసుక్కునేవాడి దగ్గర కొనకండి. పుస్తకం తెరిచి చూపించేవాడి దగ్గర, పిల్ల మచ్చలదైనా సరే, రెండో ఆలోచన లేకుండా తీసుకోండి.